మెడికెయిడ్ నిధుల కోత మీ హెల్త్‌కేర్ పెట్టుబడిని ఎంత తాకుతుందో లెక్కించడం ఎలా

అమెరికాలో కొత్త బడ్జెట్ చట్టంపై 2025 జూలై 4న అధ్యక్షుడు సంతకం చేసిన నాటి నుంచి పాఠకులు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడుగుతున్నారు. పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌కు ఫెడరల్ ప్రభుత్వం నిధులు తగ్గిస్తోంది కదా, మా దగ్గరున్న ఆసుపత్రి షేరును, బీమా కంపెనీ షేరును ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్నది ఆ ప్రశ్న. అడిగేవారిలో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తూ విడిగా షేర్లు కొనుక్కున్నవారు ఉన్నారు, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు అనుమతించే ఎల్‌ఆర్‌ఎస్ కింద హైదరాబాదు నుంచి డాలర్లు పంపి కొన్నవారు ఉన్నారు, తోటి వైద్యులతో కలిసి అమెరికా నర్సింగ్ హోముల్లో, అంటే వృద్ధులను దీర్ఘకాలం ఉంచుకుని చూసుకునే కేంద్రాల్లో, వాటా తీసుకున్న డాక్టర్లూ ఉన్నారు.

ఉంచుకోవాలా అమ్మాలా అన్నది మీ వయసు, మీ అవసరం, మీ పన్నుల పరిస్థితి చూసి మీరే తేల్చుకోవలసిన విషయం. అయితే ఆ నిర్ణయానికి ముందు వేయవలసిన లెక్క ఒకటి ఉంది, దాన్ని ఎవరైనా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. టీవీలో వినిపించే మొత్తం అంకె, అంటే పదేళ్ళలో సుమారు 911 బిలియన్ డాలర్ల కోత అన్న కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా, ఏ కంపెనీనీ నేరుగా తాకదు. కంపెనీని తాకేది తాను వ్యాపారం చేసే రాష్ట్రం, తనకు డబ్బు వచ్చే దారి, ఆ దారిలో కోత మొదలయ్యే తేదీ. ఈ మూడూ పట్టుకుంటే మీ భయంలో ఎంత నిజముందో తెలుస్తుంది.

ముందుగా తెలియవలసిన కాస్త నేపథ్యం

1965లో మొదలైన మెడికెయిడ్ పేదలకు, వికలాంగులకు, ఆస్తి కరిగిపోయిన వృద్ధులకు వైద్య ఖర్చు భరించే పథకం. దీన్ని రాష్ట్రాలు నడుపుతాయి, ఖర్చును ఫెడరల్ ప్రభుత్వమూ రాష్ట్రమూ పంచుకుంటాయి. మన ఆయుష్మాన్ భారత్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40 అన్న వాటా మీకు తెలిసే ఉంటుంది. మెడికెయిడ్‌లో ఆ వాటా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తలసరి ఆదాయం ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా, న్యూయార్క్‌లకు చట్టం హామీ ఇచ్చిన కనీస వాటా 50 శాతమే వస్తుంది, టెక్సాస్‌కు 60 శాతం దగ్గరలో, మిసిసిపీకి 77 శాతం దగ్గరలో వస్తుంది. ఒబామా కాలపు చట్టం కింద కొత్తగా చేరిన పేద వయోజనులకు, అంటే విస్తరణ వర్గానికి, ఏ రాష్ట్రమైనా ఫెడరల్ వాటా 90 శాతం. రాష్ట్రం ఖర్చు పెట్టిన కొద్దీ ఫెడరల్ డబ్బు వస్తూనే ఉంటుంది, దానికి పై పరిమితి లేదు. 2025 చట్టం ఈ మూలసూత్రాన్ని మార్చలేదు, 90 శాతం వాటానూ తగ్గించలేదు. అది అర్హతను బిగించింది, రాష్ట్రాలు తమ వాటాను సమకూర్చుకునే మార్గాలను ఇరుకు చేసింది. చర్చల సమయంలో తలసరి పరిమితి పెడతారని వచ్చిన వార్తలు చదివి ఆగిపోయినవారు ఇంకా ఆ పాత భయంతోనే లెక్కలు వేస్తున్నారు.

చేతిలో ఉండవలసినవి

కంపెనీ వార్షిక నివేదిక 10-కె, తాజా త్రైమాసిక నివేదిక 10-క్యూ కావాలి. రెండూ అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ వారి ఎడ్గర్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. గత మూడు త్రైమాసికాల ఫలితాల సమావేశాల లిఖిత ప్రతులు, కైసర్ కుటుంబ ఫౌండేషన్ ఇచ్చే రాష్ట్రాలవారీ మెడికెయిడ్ పట్టికలు, మెడికెయిడ్‌పై అమెరికా కాంగ్రెస్‌కు సలహా ఇచ్చే మ్యాక్‌పాక్ సంఘం ఏటా డిసెంబరులో ప్రచురించే గణాంక సంకలనం కూడా దగ్గర ఉంచుకోండి. ఇవికాక ఒక స్ప్రెడ్‌షీటు, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతాయి. డబ్బు కట్టి తీసుకునే పరిశోధన నివేదికలు అవసరం లేదు.

1. మీ కంపెనీ ఏ జాతికి చెందినదో తేల్చుకోండి

ఒకే చట్టం ఒకరికి నష్టం, మరొకరికి పని తెచ్చిపెడుతుంది గనుక అన్నిటినీ హెల్త్‌కేర్ అన్న ఒకే గంపలో వేయకూడదు. సెంటీన్, మొలీనా వంటి బీమా సంస్థలు రాష్ట్రం దగ్గర మనిషికి నెలకు ఇంత అని తీసుకుని ఆ మనిషి వైద్యం ఖర్చు భరిస్తాయి. హెచ్‌సీఏ, టెనెట్ వంటి ఆసుపత్రి సంస్థలకు మెడికెయిడ్ మామూలు రేట్లు తక్కువే గాని, అదనపు చెల్లింపులు భారీగా వస్తాయి. యూనివర్సల్ హెల్త్, అకేడియా వంటి మానసిక వైద్య సంస్థల రోగుల్లో మెడికెయిడ్ వారి వాటా పెద్దది. నర్సింగ్ హోముల నివాసితుల్లో పదిమందిలో ఆరుగురి దాకా ఖర్చును మెడికెయిడే భరిస్తుంది, కాబట్టి ఎన్‌సైన్ వంటి నిర్వాహకులూ, ఆ భవనాల యజమానులైన ఒమెగా, సబ్రా వంటి రీట్లూ (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు) ఈ లెక్కలోకి వస్తాయి. మాక్సిమస్ వంటి సంస్థలు రాష్ట్రాల తరఫున అర్హత పరిశీలన పనులు చేస్తాయి. అర్హతను తరచుగా పరిశీలించాలని చట్టం అంటే వారికి పని పెరిగే అవకాశం ఉంది.

హైదరాబాదు జెనెరిక్ ఔషధ కంపెనీల షేర్లున్నవారు కూడా అడుగుతున్నారు. అరబిందో, డాక్టర్ రెడ్డీస్ వంటి సంస్థలు అమెరికాలో మెడికెయిడ్ రోగులకు చేరే జెనెరిక్ మందులపై సగటు తయారీదారు ధరలో 13 శాతాన్ని కనీస రిబేటుగా ఇస్తాయి. బీమా పోయినవారు మందులు మానేస్తే అమ్మకాల పరిమాణం కొంత తగ్గుతుంది, ఆ తగ్గేది అసలే రిబేటు పోను మిగిలే తక్కువ ధర అమ్మకం. ఈ కంపెనీలకు ధరల పోటీ, ఎఫ్‌డీఏ తనిఖీలు, దిగుమతి సుంకాలు ఇంతకంటే పెద్ద విషయాలు. మీ పెట్టుబడి వాటిలోనే ఉంటే మిగతా అంచెల మీద సమయం వెచ్చించనవసరం లేదు.

2. రాష్ట్రాల పట్టిక వేయండి

10-కె తెరిచి కంపెనీకి ఆదాయం ఏయే రాష్ట్రాల నుంచి వస్తుందో రాసుకోండి. ప్రతి రాష్ట్రం పక్కన ఫెడరల్ వాటా ఎంత, అది విస్తరణను అంగీకరించిన రాష్ట్రమా కాదా అన్నవి నింపండి. 40 రాష్ట్రాలూ రాజధాని వాషింగ్టన్ డీసీ విస్తరణను అంగీకరించాయి. అంగీకరించనివి టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, టెనెసీ, అలబామా, మిసిసిపీ, దక్షిణ కెరొలైనా, కాన్సస్, విస్కాన్సిన్, వయోమింగ్.

ఈ ఒక్క అంచెతోనే చాలా అపోహలు తొలగిపోతాయి. హెచ్‌సీఏకు టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఆసుపత్రులు ఎక్కువ. ఈ రెండూ విస్తరణ లేని రాష్ట్రాలు గనుక బీమా ఉండాలంటే నెలకు ఇన్ని గంటలు పనిచేయాలన్న కొత్త పని నిబంధన వల్ల అక్కడ బీమా పోయే విస్తరణ వర్గమే లేదు. అలాగని ఆ కంపెనీ పూర్తిగా సురక్షితమూ కాదు, అక్కడి ప్రమాదం మరో దారిలో, అంటే అదనపు చెల్లింపుల దారిలో ఉంది. విస్తరణ కోత అన్న శీర్షిక చూసి అలాంటి షేరును అమ్మినవారూ, విస్తరణ లేదు కదా అని నిశ్చింతగా కూర్చున్నవారూ సగం చిత్రమే చూస్తున్నారు.

మరో గడిలో ట్రిగ్గర్ చట్టం ఉందో లేదో రాయండి. ఫెడరల్ వాటా 90 శాతం కంటే తగ్గితే విస్తరణను రద్దు చేసే చట్టాలు ఆరిజోనా, ఆర్కన్సా, ఇలినాయ్, ఇండియానా, మోంటానా, న్యూహాంప్‌షైర్, ఉత్తర కెరొలైనా, యూటా, వర్జీనియాల్లో ఉన్నాయి. 2025 చట్టం ఆ వాటాను ముట్టుకోలేదు కాబట్టి ఇవి ఇప్పుడు పనిచేయవు. కాంగ్రెస్ మళ్ళీ ఎప్పుడైనా 90 శాతం జోలికి వెళితే మాత్రం మీరు మొదట చూడవలసిన గడి ఇదే.

3. డబ్బు వచ్చే దారులను విడదీయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఆసుపత్రికి మెడికెయిడ్ డబ్బు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది చేసిన వైద్యానికి వచ్చే మామూలు రేటు. రెండోది రాష్ట్రం ఆదేశించే అదనపు చెల్లింపులు. ఈ రెండో దారి ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్కతో చూడండి. ఫెడరల్ వాటా 60 శాతం ఉన్న రాష్ట్రం తన ఆసుపత్రుల నుంచి 40 డాలర్లు ప్రొవైడర్ పన్నుగా వసూలు చేస్తుంది. ఆ 40ని తన వాటాగా చూపి ఫెడరల్ ప్రభుత్వం నుంచి 60 తెచ్చుకుంటుంది. మొత్తం 100 డాలర్లను ఆసుపత్రులకు చెల్లిస్తుంది. ఆసుపత్రుల పక్షాన చూస్తే 40 కట్టి 100 పొందారు, నికరంగా మిగిలింది 60.

చట్టం ఈ చక్రాన్ని రెండు చోట్ల పట్టుకుంది. కొత్త ప్రొవైడర్ పన్నులనూ, ఉన్నవాటి పెంపునూ అన్ని రాష్ట్రాల్లో ఆపేసింది. విస్తరణ రాష్ట్రాల్లో ఈ పన్నుకు ఉన్న 6 శాతం పరిమితిని 2028 ఆర్థిక సంవత్సరం నుంచి ఏటా అర శాతం చొప్పున తగ్గిస్తూ 2032 నాటికి 3.5కు తెస్తుంది. ఇక అదనపు చెల్లింపుల విషయంలో, కొత్తవి విస్తరణ రాష్ట్రాల్లో మెడికేర్ (వృద్ధులకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే బీమా) రేటుకు 100 శాతం, మిగతా రాష్ట్రాల్లో 110 శాతం దాటకూడదు. చట్టం గుర్తించిన పాత ఏర్పాట్లను 2028 జనవరి నుంచి ఏటా 10 శాతాంశాల చొప్పున ఆ పరిమితి వైపు దించుతారు.

10-కెలో వెతకవలసిన మాటలు సప్లిమెంటల్ పేమెంట్స్, స్టేట్ డైరెక్టెడ్ పేమెంట్స్, ప్రొవైడర్ టాక్సెస్. మూడింటినీ వేర్వేరుగా వెతకండి, ఎందుకంటే వచ్చిన చెల్లింపు ఆదాయంలో కనిపిస్తుంది, కట్టిన పన్ను ఇతర నిర్వహణ ఖర్చుల్లో కనిపిస్తుంది. మొదటిది మాత్రమే చూసినవారు ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపిస్తారు. మీకు కావలసింది ఒకటి నుంచి మరొకటి తీసేస్తే మిగిలే నికర మొత్తం. కొన్ని కంపెనీలు ఆ నికర మొత్తాన్ని తామే చెబుతాయి. చెప్పని కంపెనీ అయితే ఫలితాల సమావేశపు ప్రశ్నోత్తరాల్లో చూడండి, ఎవరో ఒక విశ్లేషకుడు అడిగే ఉంటాడు.

4. తేదీల పట్టిక తయారు చేయండి

రాష్ట్రాల పట్టిక కిందే తేదీలు రాసుకోండి. వలసదారుల అర్హత 2026 అక్టోబరు 1 నుంచి కుదించుకుపోతుంది. విస్తరణ వర్గంలోని 19 నుంచి 64 ఏళ్ళ వారికి నెలకు 80 గంటల పని నిబంధన 2027 జనవరి 1 నాటికి మొదలవ్వాలి, రాష్ట్రం కోరుకుంటే ముందే మొదలుపెట్టవచ్చు, చిత్తశుద్ధితో ప్రయత్నిస్తున్నట్టు చూపిన రాష్ట్రానికి 2028 చివరి వరకు గడువు పొడిగించవచ్చు. అదే వర్గానికి అర్హత పరిశీలన ఏడాదికి ఒకసారి కాక ఆరు నెలలకు ఒకసారి జరుగుతుంది, అదీ 2027 నుంచే. పన్ను పరిమితి తగ్గింపు, అదనపు చెల్లింపుల తగ్గింపు ఆ తరువాత వస్తాయి. గ్రామీణ వైద్యానికి ఐదేళ్ళకు కలిపి 50 బిలియన్ డాలర్ల నిధి మాత్రం 2026 ఆర్థిక సంవత్సరం నుంచే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. 2028 ఆర్థిక సంవత్సరం అంటే 2027 అక్టోబరు 1 నుంచి అని అర్థం. చాలా రాష్ట్రాల సంవత్సరం జూలైలో మొదలవుతుంది, న్యూయార్క్‌ది ఏప్రిల్‌లో, టెక్సాస్‌ది సెప్టెంబరులో. కంపెనీలు ఎక్కువగా జనవరి నుంచి లెక్క వేస్తాయి. మన ఏప్రిల్-మార్చి అలవాటుతో చదివితే కోతను ఆరు నెలలు ముందుకో వెనక్కో జరిపేస్తాం, అప్పుడు కంపెనీ సొంత అంచనాతో మన అంచనా ఎప్పటికీ కలవదు. అందుకని ప్రతి తేదీనీ క్యాలెండరు నెలగా మార్చి రాయండి.

5. ఆసుపత్రి కంపెనీ అయితే ఈ లెక్క వేయండి

ఊహాత్మకంగా ఏటా 1,000 కోట్ల డాలర్ల ఆదాయం, వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు 180 కోట్ల లాభం ఉన్న కంపెనీని తీసుకుందాం. అదనపు చెల్లింపులు 80 కోట్లు వచ్చాయి, ప్రొవైడర్ పన్ను 30 కోట్లు కట్టింది, నికరం 50 కోట్లు. ఆదాయంలో ఇది 5 శాతమే. లాభంలో మాత్రం 28 శాతం. ఈ రెండు శాతాల మధ్య తేడాను చూడకుండా ఎవరూ ఆసుపత్రి షేరు కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అదనపు చెల్లింపులు నాలుగో వంతు తగ్గాయనుకోండి. 20 కోట్లు పోతాయి, అదే నిష్పత్తిలో పన్ను 7.5 కోట్లు తగ్గుతుంది, నికర నష్టం 12.5 కోట్లు. తరువాత బీమా పోయిన రోగుల లెక్క. విస్తరణ వర్గం నుంచి 40 కోట్ల ఆదాయం, వారి వైద్యానికి 36 కోట్ల ఖర్చు ఉందనుకుందాం. వారిలో 20 శాతం మందికి బీమా పోతే 8 కోట్ల ఆదాయం పోతుంది. ఆ రోగులు మాయమైపోరు. 1986 నాటి అత్యవసర వైద్య చట్టం ప్రకారం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని డబ్బు లేదని తిప్పి పంపకూడదు, పైగా ముందే మందులు వాడి అదుపులో పెట్టుకోగలిగిన జబ్బు ముదిరాక వస్తారు. కాబట్టి వారిపై అయ్యే 7.2 కోట్ల ఖర్చులో నాలుగో వంతు, అంటే 1.8 కోట్లు మాత్రమే మిగులుతుందని జాగ్రత్తగా అంచనా వేస్తే నష్టం 6.2 కోట్లు. రెండూ కలిపితే 18.7 కోట్లు, లాభంలో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ.

దీన్ని ఒక్క ఏడాదికి అంటగట్టకుండా నాలుగో అంచెలోని తేదీల ప్రకారం 2027 నుంచి 2032 వరకు పరచండి. నాలుగో వంతు, 20 శాతం అన్నవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీరు 10, 20, 30 శాతాలతో మూడు వరుసలు వేసి, ఏ వరుసలో కంపెనీ అప్పుల మీద వడ్డీ కట్టడానికి ఇబ్బంది పడుతుందో చూడండి. కమ్యూనిటీ హెల్త్ సిస్టమ్స్‌లా అప్పుల బరువు ఎక్కువ ఉన్న సంస్థల్లో ఇదే అసలు ప్రశ్న.

6. బీమా కంపెనీ అయితే మనుషుల సంఖ్య కాదు, మిగిలినవారి జబ్బు చూడండి

సభ్యులు తగ్గితే ఆదాయం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది, కాబట్టి పెద్ద నష్టం లేదని చాలామంది అనుకుంటారు. కోవిడ్ తరువాత జరిగింది దీనికి విరుద్ధం. 2020 మార్చి నుంచి ఎవరినీ జాబితా నుంచి తీసేయకూడదన్న షరతు 2023 మార్చి 31తో ముగిసింది, తరువాతి నెలల్లో రెండున్నర కోట్ల మందికి పైగా పేర్లు పోయాయి. పోయినవారిలో వైద్యం పెద్దగా వాడుకోనివారు ఎక్కువ, నెలనెలా ఆసుపత్రికి వెళ్ళేవారు కాగితాలు పట్టుకుని నిలబడి మరీ కొనసాగారు. రాష్ట్రాలు చెల్లించే నెలసరి రేటు మాత్రం పాత సగటు మీదే ఉంది. సెంటీన్, మొలీనా, ఎలివెన్స్ వంటివి తరువాతి ఫలితాల్లో పదే పదే చెప్పుకున్నది ఈ సంగతే.

లెక్క ఇలా ఉంటుంది. 100 మంది సభ్యులు, మనిషికి నెలకు 400 డాలర్లు, ఆదాయం 40,000. వైద్యం ఖర్చు 35,200, అంటే 88 శాతం. నెలకు సగటున 150 డాలర్ల వైద్యం మాత్రమే వాడుకునే 10 మంది పోయారు. ఆదాయం 36,000కు దిగింది, ఖర్చు 33,700 దగ్గరే నిలిచింది. నిష్పత్తి 93.6 శాతానికి ఎక్కింది. కార్యాలయ ఖర్చులు పోను మెడికెయిడ్ బీమాలో మిగిలే లాభం మామూలుగానే రెండు మూడు శాతాల మాట, కాబట్టి ఇక్కడ లాభం పూర్తిగా పోయి నష్టం మొదలవుతుంది. పాత 88కి తిరిగి రావాలంటే రాష్ట్రం రేటును మనిషికి సుమారు 425 డాలర్లకు, అంటే 6.4 శాతం పెంచాలి. రేట్లు వాస్తవ ఖర్చుకు తగ్గట్టు ఉండాలని ఫెడరల్ నిబంధన ఉంది గనుక పెంపు ఎప్పటికో వస్తుంది. వచ్చేదాకా గడిచే త్రైమాసికాలే షేరు ధరను దెబ్బతీస్తాయి.

అందుకని ప్రతి రాష్ట్రంలో రేట్లు ఏ నెలలో మారతాయో, గత పెంపు ఎంతో రాసుకోండి. వైద్యం ఖర్చు నిష్పత్తిని సెంటీన్ హెల్త్ బెనిఫిట్స్ రేషియో అంటుంది, మొలీనా మెడికల్ కేర్ రేషియో అంటుంది, ఎలివెన్స్ బెనిఫిట్ ఎక్స్‌పెన్స్ రేషియో అంటుంది. అంతేకాదు, కంపెనీ మొత్తానికి ఇచ్చే నిష్పత్తిలో మెడికేర్, ప్రైవేటు బీమా కూడా కలిసి ఉంటాయి. మెడికెయిడ్‌కు విడిగా ఇచ్చిన అంకె దొరికితేనే పోల్చండి. 2025 జూలై మొదట్లో సెంటీన్ తన వార్షిక అంచనాను వెనక్కి తీసుకున్నప్పుడు షేరు ఒక్కరోజులో 40 శాతం పడింది. ఆ దెబ్బకు ముఖ్య కారణం వ్యక్తిగత బీమా మార్కెట్ సర్దుబాట్లు. మెడికెయిడ్ ఖర్చుల పెరుగుదల దానికి తోడైంది. రెండింటినీ కలిపి మెడికెయిడ్ ఖాతాలో రాసేస్తే మీ పట్టిక తప్పుతుంది.

పని నిబంధన వల్ల ఎంతమంది పోతారో ఊహించడానికి ఆర్కన్సా అనుభవం పనికొస్తుంది. అక్కడ 2018లో మొదలై 2019 మార్చిలో కోర్టు ఆపేలోపు 18,000 మందికి పైగా బీమా కోల్పోయారు. వారిలో చాలామంది నిజానికి పనిచేస్తున్నవారో మినహాయింపుకు అర్హులో. నెలనెలా వివరాలు నమోదు చేయలేక బీమా పోగొట్టుకున్నారు. పెట్టుబడి లెక్కలో ఇవి గడుల్లోని అంకెలే గాని, గంటల పనికి పోతూ ఇన్సులిన్ మీద బతికే మనిషికి ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం అని మరవకుండా ఈ వరుసలు నింపమని కోరుతున్నాను. లెక్కకూ అది పనికొస్తుంది, ఎందుకంటే రాష్ట్రం ఉద్యోగ వివరాలను తనంతట తానే సరిచూసుకునే వ్యవస్థ పెట్టుకుంటే పోయేవారి సంఖ్య తక్కువగా, దరఖాస్తుదారు మీద భారం వేస్తే ఎక్కువగా ఉంటుంది. ప్రతి రాష్ట్రం ఏ పద్ధతి ఎంచుకుందో తెలుసుకుని దాన్ని బట్టి శాతం వేయండి.

7. నర్సింగ్ హోము వాటా ఉన్నవారు విడిగా చూడవలసినవి

ప్రొవైడర్ పన్ను పరిమితి తగ్గింపు నుంచి నర్సింగ్ హోములకు మినహాయింపు ఉంది. సిబ్బంది కనీస సంఖ్య నిబంధనను కూడా 2025 చట్టం 2034 దాకా ఆపింది. కాబట్టి నేరుగా పడే దెబ్బ తక్కువ. పరోక్షంగా పడేది రెండు వైపుల నుంచి వస్తుంది. మిగతా దారుల్లో నిధులు తగ్గిన రాష్ట్రం నర్సింగ్ హోము రోజువారీ రేటు పెంపును ఆపివేయవచ్చు. రెండోది, దరఖాస్తుకు ముందు మూడు నెలల ఖర్చును వెనక్కి వెళ్ళి చెల్లించే వెసులుబాటు 2027 నుంచి సంప్రదాయ వర్గాలకు, అంటే విస్తరణ వర్గం కాని వారికి, రెండు నెలలకు తగ్గుతుంది. ఆస్తి వివరాలు సమకూర్చడం ఆలస్యమై దరఖాస్తు పెండింగులో ఉన్న నివాసితుల మూడో నెల బిల్లు వసూలు కాకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మీ వాటా షేరు మార్కెట్లో లేని ప్రైవేటు భాగస్వామ్యమైతే నిర్వాహకుణ్ణి మూడు కాగితాలు అడగండి. చెల్లించేవారి వారీగా నిండిన పడకల నెలసరి పట్టిక, మెడికెయిడ్ పెండింగులో ఉన్న నివాసితుల సంఖ్యా బకాయీ, అద్దెకు ఎన్ని రెట్లు నిర్వహణ మిగులు ఉందన్న లెక్క. రెండో కాగితం ఇవ్వడానికి నిర్వాహకుడు తటపటాయిస్తే అది మీకు దొరికిన సమాచారమే. తెలిసినవారు కదా, మన ఊరివారు కదా అని అడగకుండా ఉండకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పదేళ్ళ మొత్తాన్ని ఏడాదికి సమానంగా భాగించడం మొదటిది. కోత మొదటి సంవత్సరాల్లో స్వల్పం, భారంలో ఎక్కువ భాగం 2028 తరువాతే. రెండోది, ఆసుపత్రి కంపెనీకి ఒక త్రైమాసికంలో వచ్చిన అదనపు చెల్లింపును నాలుగుతో గుణించడం. ఫెడరల్ ఆమోదం ఆలస్యంగా వస్తే గడిచిన నెలల డబ్బంతా ఒకే త్రైమాసికంలో పడుతుంది. అది గత కాలానికి చెందినదని నివేదికలో రాసే ఉంటుంది, ఆ వాక్యం కోసం వెతకండి. చట్టాన్ని మారని శాసనంగా భావించడం ఇంకొకటి. పేదల ఆసుపత్రులకిచ్చే డీఎస్‌హెచ్ నిధుల కోత 2010 చట్టంలోనే ఉన్నా కాంగ్రెస్ దాన్ని పదే పదే వాయిదా వేసింది. 2028లో మొదలయ్యే కోతలకూ అలా జరగవచ్చు, అయితే ఆ ఆశను మీ మొదటి వరుసలో కాక చివరి వరుసలో పెట్టండి.

మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన హెచ్చరిక ఒకటుంది. రాష్ట్రాల మెడికెయిడ్ కంప్యూటర్ వ్యవస్థల ప్రాజెక్టుల్లో తెలుగువారు చాలామంది పనిచేస్తున్నారు. ఏ రాష్ట్రం ఎన్ని పేర్లు తీసేయబోతోందో, ఏ బీమా సంస్థకు కాంట్రాక్టు దక్కబోతోందో ప్రకటనకు ముందే మీ తెర మీద కనిపించవచ్చు. ఆ సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం, గది మిత్రుడికి చెప్పడం అమెరికా చట్టం కింద నేరం కాగలదు. ఉద్యోగంతోపాటు వీసా కూడా చిక్కుల్లో పడుతుంది. మీ ప్రాజెక్టుకు సంబంధించిన కంపెనీ షేర్లకు దూరంగా ఉండండి, ఈ పద్ధతిలో వాడిన పత్రాలన్నీ అందరికీ అందుబాటులో ఉన్నవే.

లెక్క సరైనదో కాదో పరీక్షించుకోవడం

ముందు వెనకటి కాలంతో పరీక్షించండి. 2023 మార్చి నాటి 10-క్యూ తీసుకుని, ఆరో అంచెలోని పద్ధతితో మీ బీమా కంపెనీకి 2024 నిష్పత్తిని అంచనా వేసి, తరువాత నిజంగా వచ్చిన అంకెతో పోల్చండి. తేడా ఒక శాతాంశం లోపు ఉంటే మీ పద్ధతి పనిచేస్తోంది. అంతకంటే ఎక్కువ ఉంటే పోయిన సభ్యుల ఖర్చును మీరు ఎక్కువగానో తక్కువగానో ఊహించారన్నమాట, ఆ ఒక్క అంకెను సవరించి మళ్ళీ వేయండి.

తరువాత కంపెనీ మాటతో పోల్చండి. పెద్ద ఆసుపత్రి సంస్థలు చట్టం ప్రభావంపై ఏదో ఒక అంచనా ఇచ్చాయి. మీ అంకె దానికి రెట్టింపు వస్తే ప్రొవైడర్ పన్నును తీసివేయడం మరచిపోయారేమో మొదట చూడండి, సగం వస్తే విస్తరణ రోగుల లెక్క తప్పిందేమో చూడండి.

చివరిగా, నెలనెలా సరిచూసుకోవడానికి మెడికేర్, మెడికెయిడ్ కేంద్రం విడుదల చేసే రాష్ట్రాలవారీ నమోదు సంఖ్యలు ఉన్నాయి. ఇవి కొన్ని నెలలు ఆలస్యంగా వస్తాయి గనుక పెద్ద రాష్ట్రాలు తామే ప్రకటించే నెలసరి పట్టికలు కూడా చూడండి. నమోదు తగ్గుదల మీ పట్టికలోని శాతాన్ని రెండు త్రైమాసికాలు వరుసగా దాటితే మొత్తం లెక్కను కొత్త శాతంతో తిరిగి వేసి, అప్పుడు మీ షేర్ల సంఖ్య గురించి ఆలోచించండి. ఒక్క నెల అంకె చూసి అమ్మకపు ఆర్డరు పెట్టకండి, ఎందుకంటే పరిశీలన గడువు దాటి పేరు పోయినవారిలో కొంతమంది మరుసటి నెలల్లో కాగితాలు ఇచ్చి తిరిగి చేరుతుంటారు.